ఎదురంగడాయనతో యోగా

పుంగనూరు బజారులో నాకు బట్టల అంగడి ఉంది. ప్యాంటు గుడ్డలు, చొక్కా గుడ్డలు, రవికె గుడ్డలు, చీరలు అమ్ముతాను. పొద్దున గల్లా దగ్గర కూర్చుంటే మళ్లీ భోజనానికే లేవడం. యాభై దాటేదాకా నేను చేసిన వ్యాయామం ఏదైనా ఉందంటే అది గుడ్డ కొలవడం, సర్రున చింపడం. అందువల్ల కుడి చెయ్యి గట్టిగానే ఉండేది. మిగతా ఒళ్లు దాని ఇష్టం వచ్చినట్టు పెరిగింది.

ఒక రోజు సదుం నుంచి ఒకామె రవికె గుడ్డల కోసం వచ్చింది. ఆమె అడిగిన వంకాయ రంగు గుడ్డ తాను అన్నిటికన్నా కింది అరలో ఉంది. వంగి అందుకున్నాను. తాను చేతికి వచ్చింది గానీ నడుము మళ్లీ పైకి రాలేదు. ఎక్కడో గడియ పడినట్టు కలుక్కుమంది, అంతే. తల అరలో, చెయ్యి తాను మీద, అట్లాగే ఉండిపోయాను.

"ఆ పక్కన పచ్చది కూడా తియ్యప్పా," అందామె.

తీశాను.

"దాని కిందది?"

"అమ్మా, నాకు నడుము పట్టేసుకునింది," అన్నాను అరలోకి చూస్తూ.

"అయ్యో పాపం," అందామె. "ఎట్లాగూ వంగే ఉండావు కదా నాయనా, ఆ చివర్లో మామిడిపండు రంగుది ఉండాది సూడు, అది కూడా అందుకో."

ఆమె మూడు రంగులు తీసుకుని పోయింది. తర్వాత మా ఆవిడ వచ్చి, పక్కంగడి వాళ్ల సాయంతో నన్ను కారులోకి ఎక్కించి మదనపల్లెకు తీసుకుపోయింది. ఎన్నో ఏళ్లుగా తిరిగిన దారి అది. ఆ రోజు మాత్రం దారి పొడవునా నేను చూసింది నా చెప్పులే. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న ముసలాయన ఒకరు, నేను ఆయనకే వంగి దండం పెడుతున్నాననుకుని, "సల్లగా ఉండు నాయనా," అని దీవించాడు.

ఎముకల డాక్టరు ఎక్సరే తీయించి వెలుతురుకు పెట్టి చూశాడు. నాకంటే చాలా చిన్నవాడు.

"ఎముకలకు ఏమీ కాలేదు. పగలంతా ఏం చేస్తుంటారు?"

"కూర్చుంటాను."

"సాయంత్రం?"

"అదే కూర్చోవడం."

ఆయన నా రక్తపోటు చూసి పెదవి విరిచాడు. మాత్రలు రాశాడు, నొప్పి తగ్గాక తప్పనిసరిగా యోగా నేర్చుకోవాలన్నాడు. లేకపోతే ఈ నడుము మళ్లీ మళ్లీ ఇట్లాగే పట్టేస్తుందన్నాడు. అప్పటిదాకా ఓపిగ్గా నిలబడి ఉన్న మా ఆవిడ ముందుకు వచ్చింది.

"ఈయనకి కోపం కూడా శానా ఎక్కువ సార్. ఉప్పు తగ్గితే కోపం, కరెంటు పోతే కోపం, ఎదురంగడాయన్ని సూస్తే కోపం. దానికేమన్నా మాత్ర ఉండాదా?"

"దానికీ యోగానేనమ్మా," అన్నాడు డాక్టరు.

ఈ ఎదురంగడాయన సంగతి చెప్పాలి. ఆయనది రెడీమేడ్ దుస్తుల అంగడి, సరిగ్గా మాకు ఎదురుగా. నా వయసువాడే. అంగడి తెరిచిన కొత్తలో గుమ్మం మీద ఒక బోర్డు పెట్టాడు: "కుట్టించుకునే కాలం పోయింది." చొక్కా గుడ్డలు అమ్ముకునే నాకు ఎదురుగా ఆ బోర్డు. పొద్దున తలుపులు తీస్తే అదే, సాయంత్రం మూస్తే అదే. నేనూ ఒక బోర్డు రాయించాను: "ఉతికితే తెలుస్తుంది." ఆయన ఇంకొకటి పెట్టాడు: "ఈ రోజే కొనండి, ఈ రోజే తొడగండి." నేను దాని కింద రావలసిన మాటను నా గుమ్మం మీద పెట్టాను: "రేపు చింపండి." ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. బోర్డులే మాట్లాడుకునేవి. వాటికి రంగులు వేసిన పెయింటరు ఒక్కడే మా ఇద్దరికీ ఆప్తుడు.

నడుము సర్దుకున్నాక యోగా క్లాసులో చేరాను. ఊళ్లో ఒక కల్యాణ మండపం భోజనాల హాల్లో పొద్దున్నే క్లాసు జరిగేది. నేర్పించేది పలమనేరు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. స్కూటర్ మీద వచ్చేది. మాట మెత్తన, పట్టు గట్టి. మొదటి రోజు ఆమె, "కండ్లు మూసుకోని గాలి లోపలికి తీసుకోండి, ఆ గాలి మీదనే ధ్యాస పెట్టండి," అంది. అవతల వంటశాలలో పెళ్లివారికి నేతి పొంగలి తయారవుతోంది. మిరియాలు వేగుతున్నాయి. అందరం గాలి మీదే ధ్యాస పెట్టాం. అంత శ్రద్ధగా నేను ఏ పూజలోనూ కూర్చోలేదు.

తర్వాత వెల్లకిలా పడుకుని కాళ్లు పైకి ఎత్తమంది. నేను పంచెతో పోయాను. మా అంగడిలో ఎన్ని వందల ప్యాంట్లకు గుడ్డ చింపి ఇచ్చినా, నేను కట్టేది పంచే. హాల్లో సగం మంది ఆడవాళ్లు. నేను కాళ్లు ఎత్తలేదు. ఆ అమ్మాయి దగ్గరికొచ్చింది.

"ఏమన్నా, నడుము నొప్పా?"

"నొప్పి కాదమ్మా. పంచె."

ఆమెకు అర్థమైంది. నవ్వు దాచుకుని, "రేపట్నుంచి ట్రాక్ ప్యాంటు ఏసుకోని రాన్నా," అంది.

ట్రాక్ ప్యాంటు కుట్టే దర్జీ మా ఊళ్లో లేడు. అది రెడీమేడుగానే దొరుకుతుంది. దొరికేది ఎదురంగడిలోనే. మదనపల్లె పోయి కొనుక్కు రావచ్చు గానీ చెప్పులు చూసుకుంటూ పోయొచ్చిన ఆ రోజే మా ఆవిడతో, ఇంక మదనపల్లె ముఖం చూడనని శపథం చేసి ఉన్నాను. మధ్యాహ్నం, బజారులో జనం పలచగా ఉన్నప్పుడు, రోడ్డు దాటి ఆయన అంగడి మెట్లెక్కాను. ఆయన పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి పేపరు దించాడు.

"ట్రాక్ ప్యాంటు కావాల," అన్నాను.

"ఎవురికప్పా?"

"మా పిల్లోడికి."

ఆయన లేచి అర దగ్గరికి పోయాడు. "పిల్లోడికి నడుము ఎంత ఉంటాది?"

"నలభై రెండు."

ఆయన వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కొంచెం కదిలాయి. "బాగా తింటాడే పిల్లోడు," అని నల్లది ఒకటి తీసి సంచిలో పెట్టాడు. "ఉతికి సూడమను," అన్నాడు సంచి చేతికిస్తూ. నేను తల వంచుకుని రోడ్డు దాటాను.

మర్నాడు క్లాసుకు పోయేసరికి, నా పక్క చాప మీద, అదే రకం నల్ల ప్యాంటు వేసుకుని ఆయన కూర్చుని ఉన్నాడు.

నన్ను ఎగతాళి చేయడానికే వచ్చాడనుకున్నాను. పలకరించలేదు. ఆయనా పలకరించలేదు. ఒంటికాలి మీద నిలబడి చేతులు పైకెత్తే వృక్షాసనం చేయించింది ఆ అమ్మాయి. మామూలుగా అయితే నేను అందరికంటే ముందు కాలు దించేసి ఉండేవాణ్ని. ఆ రోజు కంటి కొసతో పక్కకు చూశాను. ఆయనా కంటి కొసతో నన్నే చూస్తున్నాడు. ఇంక కాలు దించేది లేదు. ఒక్కొక్కరే దించేశారు, మేమిద్దరం మిగిలాం. నా మోకాలు వణుకుతోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మిగతావాళ్లు చాపల మీద కూర్చుని మమ్మల్ని చూడసాగారు. అప్పుడు ఆ అమ్మాయి మా మధ్యకు వచ్చి నిలబడింది.

"అన్నా, ఇద్దరూ కాళ్లు దించండి. యోగాలో ఫస్టు ప్రైజు ల్యా. సూపు ఎదురుగా ఒక సుక్క మీద పెట్టాల, పక్కనోళ్ల మీద కాదు."

ఇద్దరం ఒకేసారి దించాం. ఎవరో ఒకరు ముందు దించాల్సి ఉంటే ఇప్పటికీ అక్కడే నిలబడి ఉండేవాళ్లం.

తెలివైన అమ్మాయి. ఆ వారమే ఆమె జంటగా చేసే ఆసనం ఒకటి మొదలుపెట్టి, మా ఇద్దర్నీ జంట చేసింది. వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి, మోచేతులు పెనవేసుకోవాలి, ఊపిరి తీస్తూ వదులుతూ ఉండాలి. బిగుసుకుపోయి కూర్చున్నాను. అన్నేళ్లు ఎదురుగా చూసిన మనిషి ముఖం ఇప్పుడు కనిపించడం లేదు. ఊపిరి మాత్రం తెలుస్తోంది. అది నేననుకున్నట్టు లేదు. గుమ్మంలో కాలు మీద కాలేసుకుని కూర్చునే మనిషి ఊపిరి ఎంత దర్జాగా ఉండాలి? ఆయనది పైపైనే ఆడుతోంది, పరుగెత్తి వచ్చి ఆగినవాడిలా. నేను నా ఊపిరిని కాస్త నిదానం చేశాను. ఎందుకు చేశానో తెలియదు. కాసేపటికి ఆయనదీ నిదానించింది. ఆ రోజు క్లాసు అయ్యాక చెప్పులు వేసుకుంటూ, "వస్తానప్పా," అన్నాడాయన. "ఊ," అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత మా మధ్య నడిచిన మొదటి సంభాషణ అది, వ్యాపారం కానిది.

నెలలు గడిచే కొద్దీ నాలో మార్పు వచ్చింది. కింది అర దగ్గరికి వంగి, తాను తీసి, మళ్లీ పైకి లేవడం మొదలుపెట్టాను. అట్లా లేచిన మొదటిసారి అంగడిలో ఎవరూ లేరు, అందుకని ఇంకోసారి వంగి లేచాను. పడుకుంటే నిద్ర పట్టేది. ఒక రోజు వి.కోట నుంచి వచ్చిన పెళ్లివారు అంగడిలో ఉన్న చీరలన్నీ విప్పించి, ఒక్కటీ నచ్చలేదని లేచారు. ఇదివరకైతే వాళ్లు మెట్లు దిగేలోపే నాలుగు మాటలు వాళ్ల వీపులకు తగిలేవి. ఆ రోజు చీరలు మడత పెడుతూ కూర్చున్నాను. ఒక మడతకు గాలి తీసుకోవడం, ఒక మడతకు వదలడం. అన్నీ అరల్లోకి చేరేసరికి కోపం ఎటు పోయిందో వెతుక్కోవలసి వచ్చింది.

ఇంట్లో మా ఆవిడకు మాత్రం భయం పట్టుకుంది. పప్పులో ఉప్పు లేదు. నేను మాట్లాడకుండా తిని లేచాను. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి నా నుదుటి మీద పెట్టి చూసింది.

"ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాదే."

"మరి ఉప్పు ల్యాదని అరవలేదే. నేనే మర్సిపోయినా."

"తెలుసు."

"తెలిసి కూడా అరవలేదా?" ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. "మదనపల్లెకి ఒకసారి పోయి సూపించుకోని వద్దామా?"

అప్పుడే కుప్పం ప్రయాణం వచ్చింది. అక్కడ ఒక కాలేజీ మైదానంలో చుట్టుపక్కల ఊళ్ల వాళ్లందరితో యోగా ప్రదర్శన పెట్టారు. మా క్లాసు తరఫున వ్యానులో పోయాం. ఆ అమ్మాయి మా అందరికీ తెల్ల టీషర్టులు తెప్పించింది. ఎదురంగడాయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. పలమనేరు దాటేదాకా వానల గురించి మాట్లాడుకున్నాం, వి.కోట దాటేదాకా టమోటా ధర గురించి.

మైదానంలో సున్నంతో గీతలు గీసి ఉన్నారు. మాకు ముందు వరుస వచ్చింది. ముఖ్య అతిథి దారిలో ఉన్నారని, పైన డ్రోను తిరుగుతుంది కాబట్టి వరుసలు చెదరకుండా అందరూ వజ్రాసనంలో కూర్చోవాలని మైకులో చెప్పారు. వజ్రాసనమంటే మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడం. కూర్చున్నాం. ముఖ్య అతిథి దారిలోనే ఉన్నారు. ఎండ ఎక్కింది. డ్రోను కందిరీగలా తిరిగి తిరిగి, దానికే విసుగొచ్చి దిగిపోయింది. అతిథి ఇంకా దారిలోనే ఉన్నారు.

"నీ కాళ్లు ఉండాయా?" అన్నాడు ఎదురంగడాయన చిన్నగా.

"ఇందాకటి దాకా ఉన్నట్టే ఉండె. ఇప్పుడు తెలీటం ల్యా."

"నాయి ఎప్పుడో పోయినాయప్పా."

చివరికి కార్లు వచ్చాయి. "అందరూ లేచి నిలబడండి," అన్నారు మైకులో. మైదానం మొత్తం లేచింది. నేను లేవబోయాను. నడుము దాకా లేచాను. దాని కింద ఎవరివో కాళ్లు ఉన్నాయి. పడబోతూ ఎదురంగడాయన భుజం పట్టుకున్నాను. ఆయన అంతకుముందే నా భుజం కోసం చెయ్యి చాపి ఉన్నాడు. ఇద్దరం ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని, వంగి, తలకు తల ఆనించి, అటూ ఇటూ ఊగుతూ నిలబడ్డాం. తిమ్మిరి ఎక్కిన కాలు నేల మీద ఆనితే వెయ్యి చీమలు ఒక్కసారి కుట్టినట్టుంటుంది. అందుకని ఒకసారి నేను ఒక కాలు ఎత్తేవాణ్ని, ఒకసారి ఆయన ఎత్తేవాడు.

"వదలొద్దు," అన్నాడాయన పళ్లు బిగించి.

"నువ్వు వదలొద్దు," అన్నాను.

మైకు దగ్గరున్నాయన ఇది చూశాడు. "ముందు వరుసలో పుంగనూరు బృందం వారి జంట ఆసనం, చూడండి," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దిగిపోయిన డ్రోను మళ్లీ లేచి మా నెత్తి మీదికి వచ్చింది. ముఖ్య అతిథి మా వైపే నడిచి వచ్చారు. ఆ అమ్మాయి ఆయన వెనకాల నిలబడి కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తోంది. మాకు నేర్పిందే తనూ చేస్తోంది.

"బాగుంది. దీన్నేమంటారు?" అన్నారు అతిథి.

ఎదురంగడాయన తల నా తలకు ఆనించే ఉంచి, తొణక్కుండా, "వర్తకాసనం సార్," అన్నాడు. "ఇద్దరు యాపారస్తులు ఎదురెదురు అంగళ్లలో ఉంటేనే కుదురుతాది."

అతిథి తల ఊపి ముందుకు పోయారు. మాకు నవ్వు అప్పుడు మొదలైంది. నవ్వితే పట్టు సడలుతుంది, సడలితే పడతాం. ఆపుకోలేకపోయాం. ఇద్దరం కలిసి సున్నం గీతల మీద కూలబడ్డాం. తెల్ల టీషర్టులు కాబట్టి సున్నం కనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో వి.కోటలో టీకి వ్యాను ఆపారు. మిగతావాళ్లు బజ్జీల బండి దగ్గరికి పోయారు. మేమిద్దరం టీ గ్లాసులు పట్టుకుని వ్యాను నీడన నిలబడ్డాం. క్లాసుకు ఎందుకు వచ్చావని అప్పుడు అడిగాను.

ఆయన టీ ఊదుకున్నాడు. "అంగట్లో కూసోని ఉన్నెట్లే ఒక దినం గుండె దడదడా కొట్టుకునింది. సెమట్లు. సచ్చిపోతాండా అనుకున్నా. మదనపల్లెకి ఎత్తుకోని పోయినారు. అన్ని టెస్టులు సేసి, గుండెకేమీ ల్యాదు, దిగులు తగ్గించుకో, యోగా సెయ్యి అన్న్యారు. ఇంట్లో కూడా ఎవురికీ సరిగ్గా సెప్పలా."

"దేనికప్పా దిగులు?"

"పిల్లోళ్లంతా ఫోన్లో కొంటాండారు. నా అంగట్లోకి వచ్చి సైజు సూసుకోని, బయటికి పోయి ఫోన్లో ఆర్డరు పెడతారు. కూసోని అదే తలుసుకుంటా ఉంటి. యోగాకి పోదామంటే సిగ్గు. ఎవురన్నా సూస్తే, ఏం రోగమో అనుకుంటారని." టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఒక పొద్దున నువ్వు యోగా క్లాసులోకి పోయేది సూసింటి. మద్యానం ట్రాక్ ప్యాంటు కొనేకొస్తివి సూడు, అప్పుడనుకున్నా. ఈయనే పోతాండాడు, నాకేమి సిగ్గు అని."

నేను ఎగతాళికి వచ్చాడనుకున్న మనిషి, నన్ను చూసి ధైర్యం తెచ్చుకుని వచ్చాడు. "ఇప్పుడు ఎట్లుండాది?" అని అడిగాను.

"దడ ఇంకా అప్పుడప్పుడు వస్తాది. వస్తే బయపడను. ఆ పాప సెప్పినట్ల నిదానంగా గాలి వదుల్తా కూసుంటా. అదే పోతాది."

నాకూ ఫోన్లో కొనేవాళ్ల దిగులు ఉందని, బోర్డుల మీద చూపిన కోపంలో సగం అదేనని ఆయనకు చెప్పాను. వ్యాను హారన్ కొట్టేదాకా అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం.

దీనివల్ల మేమేదో రుషులమైపోయామని అనుకోవద్దు. కిందటి ఆషాఢంలో ఆయన తగ్గింపు ధరల ఫ్లెక్సీని, రోడ్డుకు అడ్డంగా, సరిగ్గా నా అంగడి పేరు కనపడకుండా కట్టించాడు. అది చూడగానే నా చెవులు వేడెక్కాయి. కత్తెర తీసుకుని లేచాను కూడా. మళ్లీ గల్లా మీద పెట్టి, రోడ్డు దాటి, ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

"కోపంగా ఉండావు," అన్నాడాయన.

"ఉండాను."

"ముందు గాలి పీల్చుకో. తర్వాత తిట్టు."

పీల్చుకున్నాను. వదిలాను. తర్వాత తిట్టాను. ఆయన తన వంతుకు పీల్చుకుని, వదిలి, నన్ను తిట్టాడు. వంతుల ప్రకారం చాలాసేపు సాగింది. లోపలికి వచ్చిన గిరాకీ ఒకామె ఇది ఏ రకం పోట్లాటో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది. చివరికి ఆయన ఫ్లెక్సీని నా పేరు కనిపించేటంత పైకి కట్టించడానికి ఒప్పుకున్నాడు. నేను అంతకంటే ఇంకొంచెం పైకి అన్నాను. అది ఇంకా తేలలేదు. పొద్దున క్లాసులో మాత్రం ఆ మాట ఎత్తకూడదని ఆ అమ్మాయి మా ఇద్దరి చేతా ఒట్టు పెట్టించుకుంది.